కాలేజీలో కొత్తగా చేరేవాళ్ళు ముందే వదిలేసుకోవాల్సిన అపోహలు

నేను ఫస్టియర్ వాళ్ళకి పాఠాలు చెప్తాను. ఏటా కొత్త బ్యాచ్ ఇవే నమ్మకాలతో వస్తారు, మొదటి పరీక్ష మార్కులు చూశాక దిగాలుగా నా దగ్గరికొస్తారు, అందుకే ఈసారి ముందే రాస్తున్నా.

అపోహ: నాలుగైదు సార్లు చదివితే అదే వచ్చేస్తుంది.

వాస్తవం: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. పుస్తకం తెరిచి ఉన్నంతసేపూ అంతా వచ్చినట్టే ఉంటుంది, జవాబు కళ్ళ ముందే ఉంది కదా మరి. 2006లో రోడిగర్, కార్పికీ అనే సైకాలజిస్టులు కాలేజీ స్టూడెంట్స్‌తోనే దీన్ని పరీక్షించారు. ఒక గ్రూపు నాలుగు విడతలూ చదువుతూనే ఉంది, ఇంకో గ్రూపు మొదటి విడత చదివి మిగతా మూడు విడతలూ చూడకుండా గుర్తున్నది రాసింది. ఐదు నిమిషాలకి అడిగితే చదివినవాళ్ళే ముందున్నారు, వారం తర్వాత అడిగితే వాళ్ళకి గుర్తున్నది 40 శాతం, రాసినవాళ్ళకి 61 శాతం.

ఒకమ్మాయి నోట్స్ తెచ్చింది, పేజీ నిండా పసుపు హైలైటరే. నేను నోట్స్ మూసి తెల్లకాగితం ఇచ్చి, "ఈ డెరివేషన్ మొదటి స్టెప్పు రాయమ్మా" అన్నా. పెన్ను పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది, ముందు రోజు రాత్రి మూడుసార్లు చదివిందంట పాపం. తెలివి తక్కువై కాదు, చూడకుండా రాయడం ఎప్పుడూ అలవాటు చేసుకోలేదు, అంతే.

అపోహ: డౌట్ అడిగితే చులకనైపోతాం.

వాస్తవం: రెండో వారంలో అడిగితే ఐదు నిమిషాల్లో తేలిపోయే డౌట్, పరీక్ష ముందు రోజు దాకా దాచుకుంటే దాని మీద ఆధారపడ్డ చాప్టర్లన్నీ అర్థం కాకుండా పోతాయి. "ఏమీ అర్థం కాలేదు సార్" అనకుండా, ఎక్కడిదాకా చేశారో ఆ కాగితం పట్టుకురండి. అలా వచ్చినవాళ్ళంటే మాకు చాలా ఇష్టం, నిజంగా.

అపోహ: రాత్రంతా మేలుకుంటే సిలబస్ అయిపోతుంది.

వాస్తవం: చదివింది మెదడులో గట్టిపడేది నిద్రలోనే. పడుకోండి.

అపోహ: అందరికీ ఫ్రెండ్స్ దొరికేశారు, నేనే ఒంటరి.

వాస్తవం: ఇది మార్కుల కంటే ఎక్కువ బాధపెడుతుంది, పైకి ఎవరూ చెప్పరు. ఒకసారి ఒకే వారంలో ఇద్దరు విడివిడిగా వచ్చి, క్లాసులో నాతో మాట్లాడేవాళ్ళే లేరని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఇద్దరూ కూర్చునేది ఒకే బెంచీలో.