మోకాలిలో కొత్త లిగమెంట్: తాడు గట్టిదే, ముడి సంగతేమిటి?

మోకాలిలో తొడ ఎముకనూ కింది ఎముకనూ కలిపి పట్టే లిగమెంట్ (పట్టీలాంటి కణజాలం) ఏసీఎల్. అది తెగిపోతే దాని స్థానంలో పెట్టే గ్రాఫ్ట్ (బదులుగా అమర్చే కణజాలం), పెట్టిన రోజున అసలు లిగమెంట్ కంటే గట్టిగానే ఉంటుంది. ప్రయోగశాలలో లాగి చూస్తే పడుచు వయసువారి ఏసీఎల్ దాదాపు 2,160 న్యూటన్ల దగ్గర తెగింది. అంటే సుమారు 220 కిలోల బరువు వేలాడదీసినట్టు. నాలుగు పేటలుగా మడిచిన హ్యామ్‌స్ట్రింగ్ టెండన్ (తొడ వెనక కండరాన్ని ఎముకకు కలిపే తాడు) దాదాపు 4,000 న్యూటన్ల వరకు ఓర్చుకుంటుంది. అయినా తొలి వారాల్లో డాక్టర్లు అన్ని ఆంక్షలు పెడతారు. ఎముకలో తొలిచిన సొరంగంలో గ్రాఫ్ట్‌ను పట్టి ఉంచే బిగింపు అంత బలం ఇవ్వదు మరి.

తొడ ఎముక వైపు ఎక్కువగా వాడేది బటన్. సుమారు 12 మిల్లీమీటర్ల పొడవున్న ఈ లోహపు పలకను 4.5 మిల్లీమీటర్ల రంధ్రంలోంచి నిలువుగా లాగి, అవతల అడ్డం తిప్పుతారు. అది గట్టి పైపొర ఎముక మీద ఆనుకుంటుంది కాబట్టి పట్టు బాగుంటుంది. ఒక్కోసారి బటన్‌కీ ఎముకకీ మధ్య కండరం చిక్కుకుంటుంది. ఆపరేషన్ బల్ల మీద అంతా బిగుతుగానే అనిపిస్తుంది. తర్వాత ఆ కండరం నలిగి పలచబడేకొద్దీ బటన్ కిందికి దిగి, గ్రాఫ్ట్ వదులవుతుంది. అందుకే బటన్ ఎముకను తాకిందో లేదో ఎక్స్‌రే తెరమీద చూసుకోవడం మంచిది.

అసలు బెంగ మోకాలి కింది ఎముక వైపు. అక్కడ ఎముక మెత్తన, పైగా లాగుడు సరిగ్గా సొరంగం దారిలోనే ఉంటుంది. అక్కడ బిగించే స్క్రూ గ్రాఫ్ట్‌ను సొరంగం గోడకు నొక్కి పట్టాలి. స్క్రూ సన్నదైతే గ్రాఫ్ట్ జారుతుంది. మరీ లావైతే దాని మరల అంచులు టెండన్ పోగులను కోసేస్తాయి. సొరంగానికి వంకరగా దిగితే పట్టే తగ్గిపోతుంది. ఎముక పల్చగా ఉన్నవారికి స్క్రూతో పాటు స్టేపుల్ (U ఆకారపు మేకు) గానీ వాషర్ (లోహపు బిళ్ల) పెట్టిన మరో స్క్రూ గానీ అదనంగా వేయడం మేలని మా అభిప్రాయం.

బిగింపు ఒక్క దెబ్బకు ఊడిపోవడం అరుదు. రోజువారీ పనుల్లో ఏసీఎల్ మీద పడే భారం సుమారు 450 న్యూటన్లని ఒక పాత అంచనా. అంతకు తక్కువ భారమైనా నడకలో వేసే వేల అడుగులతో పదేపదే పడుతుంటే గ్రాఫ్ట్ కొద్దికొద్దిగా జారుతుంది. కింది ఎముకను ముందుకు లాగి చూసినప్పుడు అది జరిగే దూరంలో రెండో కాలితో పోలిస్తే 3 మిల్లీమీటర్లకు మించి తేడా వస్తే మోకాలు వదులైందనే లెక్క. కనుక గరిష్ఠ బలం ఒక్కటే చూసి పరికరం ఎంచుకోకూడదు. గ్రాఫ్ట్‌ను ముందుగా సాగదీసి, మోకాలిని ఇరవైసార్లు మడిచి చాచి, ఆ తర్వాతే చివరి బిగింపు వేయడం కూడా ఈ జారుడును తగ్గించడానికే.

చివర్లలో ఎముక ముక్కలున్న గ్రాఫ్ట్ 6 నుంచి 8 వారాల్లో సొరంగంలో అతుక్కుంటుంది. ఒట్టి టెండన్‌కు 8 నుంచి 12 వారాలు కావాలి. అప్పటికి స్క్రూ పని చాలావరకు తీరుతుంది. చిక్కేమిటంటే, రక్తసరఫరా కోల్పోయిన గ్రాఫ్ట్ కొత్త రక్తనాళాలు అల్లుకునే దశలో తానే మెత్తబడుతుంది. నొప్పి తగ్గి, వాపు దిగి, పరుగెత్తాలనిపించే రోజులు సరిగ్గా అవే.