అటక మీది విదేశీ బొమ్మ ఎంత చేస్తుంది? అపోహలు - వాస్తవాలు

సంక్రాంతి వెళ్లిన వారం నా వాట్సాప్ నిండా బొమ్మల ఫొటోలే. కొలువు సర్దేటప్పుడు అట్టపెట్టె అడుగు నుంచి ఏ స్పెయిన్ నర్తకో, డచ్చి పిల్లో బయటపడుతుంది. "మా మావయ్య డెబ్బైల్లో తెచ్చాడండీ, ఎంత చేస్తుంది?" అని అడుగుతారు. న్యూజెర్సీలో పదిహేనేళ్లుగా ఇలాంటి బొమ్మలు కొంటూ, బాగుచేస్తూ, అమ్ముతూ ఉన్నాను. అడిగేవాళ్లు మారినా అపోహలు మాత్రం అవే.

అపోహ: పాతదైతే చాలు, ధర పలుకుతుంది.

వాస్తవం: పలకదు. ఎర్ర కుచ్చిళ్ల గౌను, చేతులు పైకెత్తిన స్పెయిన్ నర్తకినే తీసుకోండి. చిక్లానా అనే ఊళ్లో మారిన్ కుటుంబం 1928లో మొదలుపెట్టిన కంపెనీ ఈ బొమ్మలకు పెట్టింది పేరు. 2014లో మూతపడేదాకా లెక్కలేనన్ని అమ్మింది. ఒకప్పుడు స్పెయిన్‌లో చాలా ఇళ్లలో టీవీ మీద ఈ బొమ్మ ఉండేది. అన్ని ఉన్నప్పుడు ధర ఎక్కణ్నుంచి వస్తుంది? మామూలు ప్లాస్టిక్ రకం నాకు గరాజ్ సేల్‌లో నాలుగైదు డాలర్లకే దొరుకుతుంది. అదే బల్ల మీద ఇటలీలోని ట్యూరిన్‌లో 1919లో మొదలైన లెంచీ కంపెనీ వాళ్ల ఫెల్టు (ఉన్నిని అదిమి చేసిన మందపాటి గుడ్డ) బొమ్మ కనిపిస్తే మాత్రం నా గుండె కొట్టుకునే తీరే వేరు. నొక్కి మలిచిన ఫెల్టు ముఖం, ఓరచూపు, కలిపి కుట్టిన మధ్య రెండు వేళ్లు దాని గుర్తులు. అయితే లెంచీని చూసి చేసినవాళ్లూ చాలామందే. వేళ్లు చూసి తొందరపడొద్దు.

అపోహ: బట్టలు ఏ దేశానివో బొమ్మ ఆ దేశానిదే.

వాస్తవం: నెదర్లాండ్స్‌లోని వోలెన్‌డమ్ ఊరి కొనదేలిన లేసు టోపీ పెట్టుకున్న పిల్ల పాదం తిప్పి చూస్తే "హాంకాంగ్" అని ఉండొచ్చు. బట్టలు చూసి నమ్మకండి, వీపూ మెడా పాదాలూ వెతకండి. దిగుమతి సరుకు మీద తయారైన దేశం పేరుండాలని అమెరికా 1891 నుంచి పట్టుబట్టింది. ఆ పేరే మనకు పంచాంగం. "ఆక్యుపైడ్ జపాన్" (రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఆక్రమణలో ఉన్న జపాన్) అని ఉంటే 1945-52 మధ్యది. "వెస్ట్ జర్మనీ" అంటే 1949కి ముందుది కాదు, 1990 తర్వాతదీ కాదు. "చెకోస్లొవేకియా" అంటే 1918 నుంచి 1992 లోపు. ఇవి హద్దులే తప్ప పుట్టినతేదీలు కావు. గుర్తు లేనంత మాత్రాన నకిలీ అనుకోనక్కర్లేదు. కాగితం చీటీలు ఎప్పుడో ఊడిపోయి ఉంటాయి.

అపోహ: ఈబేలో ఇలాంటిదే రెండొందల డాలర్లుంది.

వాస్తవం: అది అడిగే ధర. "అమ్ముడైనవి" నొక్కి చూడండి.

అపోహ: శుభ్రంగా ఉతికితే ధర పెరుగుతుంది.

వాస్తవం: ఒకావిడ సబ్బు నీళ్లలో ముంచిన ఫెల్టు పావడా ముడుచుకుపోయి గుప్పెడంతై నా దగ్గరికొచ్చింది. ఇంకో నష్టం కంటికి కనిపించదు. బట్టను మెరిపించే రసాయనాలు సుమారు 1950ల నుంచే వాడకంలోకి వచ్చాయి. అవి ఉన్న బట్ట యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చి కింద నీలంగా వెలుగుతుంది. 1930ల నాటి జాకెట్టును నేటి సబ్బుతో ఉతికారంటే అదీ అలాగే వెలుగుతుంది, ఇక నాకు కొత్తదేదో పాతదేదో తేలదు. మెత్తని బ్రష్‌తో దుమ్ము దులపండి, అంతే.

అపోహ: కాల్చిన సూదితో గుచ్చితే బొమ్మ సెల్యులాయిడ్ అనే పాతకాలపు ప్లాస్టిక్‌దో కాదో తెలుస్తుంది.

వాస్తవం: తెలుస్తుంది, ఇల్లు కూడా అంటుకోవచ్చు! సెల్యులాయిడ్ చేసేదే భగ్గున మండే నైట్రోసెల్యులోజూ కర్పూరమూ కలిపి. బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూడండి, మన పూజగది గుర్తొస్తే అదే. వచ్చే ఏడు కొలువులో దాన్ని దీపానికీ హారతికీ దూరంగా, పై మెట్టు మీద పెట్టండి.