చనిపోయిన చెల్లెలు ఇంట్లో ఎందుకు కనిపిస్తుంది?

కిమ్ జి-ఉన్ తీసిన కొరియన్ సినిమా ‘ఎ టేల్ ఆఫ్ టూ సిస్టర్స్’ 2003లో వచ్చింది. ముగింపు చెప్పకుండా దీని గురించి మాట్లాడలేం. చూడనివాళ్ళు ముందు సినిమా చూడండి.

సు-మి మానసిక వైద్యశాల నుంచి పల్లెటూళ్ళోని సొంతింటికి వస్తుంది. వెంట చెల్లెలు సు-యోన్. ఇంట్లో పెద్దగా మాట్లాడని నాన్న, సవతి తల్లి ఉన్-జు. అల్మారా పేరెత్తితేనే చెల్లెలికి వణుకు. చివరికి తెలిసేదేమిటంటే, చెల్లెలు ఎప్పుడో పోయింది. అల్మారాలో ఉరేసుకున్న తల్లిని లాగబోతే ఆ అల్మారానే తన మీద పడింది. మనం ఇంతసేపూ చూసిన సవతి తల్లి కూడా చాలావరకు సు-మిలోని మరో వ్యక్తిత్వమే.

దీనికి మూలం కొరియాని జొసన్ రాజవంశం ఏలిన కాలపు జానపద కథ. అందులో అన్యాయంగా చనిపోయిన అక్కచెల్లెళ్ళు దయ్యాలై అధికారి ముందుకొచ్చి న్యాయం అడుగుతారు. అక్కడ తప్పు సవతి తల్లిది, శిక్షా ఆమెకే. సినిమా మాత్రం ఆ తప్పులో కొంత అక్క గుండెలో పెట్టింది. నాకు ఇదే అసలైన భయం.

పోయినవాళ్ళు కనిపించడం పిచ్చి కాదు. వేల్స్‌లో డాక్టరుగా పనిచేసిన డెవి రీస్, భర్తనో భార్యనో పోగొట్టుకున్న 293 మందితో మాట్లాడి 1971లో ఫలితాలు ప్రచురించారు. దాదాపు సగం మందికి పోయిన మనిషి పక్కనే ఉన్నట్టు అనిపించడమో, కనిపించడమో, గొంతు వినిపించడమో జరిగింది. వాళ్ళలో ఎక్కువమంది ఆ సంగతి అంతకుముందు ఎవరికీ చెప్పలేదు. చాలామందికి అది ఊరటే ఇచ్చింది.

మెదడు కళ్ళూ చెవులూ పంపింది తీసుకుని ఊరుకోదు, ఏం రాబోతోందో ముందే ఊహిస్తుంటుంది. ఏళ్ళ తరబడి ఒకే మనిషి అడుగుల చప్పుడు విన్న ఇంట్లో, ఆ మనిషి పోయాక కూడా ఆ ఊహ వెంటనే ఆగదు. చెక్క నేల కిర్రుమంటే చాలు. అందుకే సు-మికి ఆసుపత్రి కంటే ఇల్లే ప్రమాదకరం.

మరి ఊరట ఎందుకు దొరకలేదు? చెల్లెలు చనిపోతున్న సమయంలో సు-మి ఉన్-జుతో గొడవపడి బయటికి వెళ్ళిపోయింది. ఆ ఒక్క క్షణాన్ని తను భరించలేదు. అపరాధ భావం దుఃఖాన్ని ఎంత మొండిగా మారుస్తుందో ఇక్కడ సినిమా చాలా నిజాయితీగా చూపించింది. ఒకే మనిషిలో పలు వ్యక్తిత్వాలు ఉండటాన్ని మాత్రం బాగా పెంచి చూపించింది. ఆ రుగ్మత సాధారణంగా చిన్నతనం నుంచీ పదేపదే ఎదురైన హింసతో ముడిపడి ఉంటుంది, ఒక్క దుర్ఘటనతో రావడం అరుదు. పైగా అది పక్కవాళ్ళకి ఇంత స్పష్టంగా కనపడదు.

ఏడాది దాటినా తగ్గకుండా రోజువారీ బతుకునే ఆపేసే దుఃఖాన్ని 2022లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన రుగ్మతల జాబితాలో చేర్చింది. పిల్లల విషయంలో గడువు ఆరు నెలలే. దీనికి ఇచ్చే ఒక థెరపీలో, ఆ మరణం గురించి తెలిసిన క్షణాన్ని థెరపిస్టు ముందు పదేపదే నోటితో చెప్పిస్తారు. ఈ ఇంట్లో నాన్న మాత్రలు ఇస్తాడు, డాక్టరుకి ఫోన్ చేస్తాడు. ఆ రోజు గురించి మాత్రం కూతుర్ని కూర్చోబెట్టి మాట్లాడించడు.