ఉపగ్రహాల పేర్లకు బ్రాకెట్లు ఎలా వచ్చాయి

విజ్ఞాన సర్వస్వంలో 'టైటన్' అనే వ్యాసం మొదలుపెట్టాలంటే ముందు ఒక తగవు తీర్చాలి. ఆ పేరు శని గ్రహపు అతిపెద్ద ఉపగ్రహానిదా, గ్రీకు పురాణాల్లో ఒలింపస్ దేవతలకు ముందుతరం వారైన టైటన్లదా? యూరోపా సంగతీ అంతే. గ్రీకు దేవతల రాజు జ్యూస్ ఎద్దు రూపంలో వచ్చి ఎత్తుకుపోయిన రాకుమారి ఒకరు, గురు గ్రహం చుట్టూ తిరిగే మంచు గోళం ఇంకొకటి. ఇంగ్లీషు వికీపీడియాలో ఈ రెండు ఉపగ్రహాల పేర్ల పక్కనా బ్రాకెట్లో వివరణ ఉంటుంది. శనికే చెందిన మరో ఉపగ్రహం ఎన్సెలాడస్ దగ్గర మాత్రం ఉండదు. అక్కడ ఉత్త పేరు ఉపగ్రహానికే దక్కింది, అదే పేరు గల పురాణ రాక్షసుడు బ్రాకెట్లోకి జరిగాడు. ఇదంతా సంపాదకుల ఇష్టారాజ్యమని తోస్తుంది గానీ, ఈ ముడి వాళ్లకంటే చాలా ముందే పడింది. ఒక గందరగోళాన్ని తప్పించుకోబోయి ఇంకొకటి తెచ్చుకోవడం ఖగోళ శాస్త్రజ్ఞులకు నాలుగు వందల ఏళ్ల అలవాటు.

1610 జనవరిలో గెలీలియో గురు గ్రహం పక్కన నాలుగు చుక్కలను చూసినప్పుడు పురాణాల ఊసే లేదు. ఆదరణ కోరి, ఫ్లోరెన్స్ ఏలికలైన మెడిచీ వంశం పేరు వాటికి పెట్టాడు. వాటినే పరిశీలించిన జర్మన్ ఖగోళవేత్త సైమన్ మారియస్ 1614లో అయో, యూరోపా, గానిమీడ్, క్యాలిస్టో అనే పేర్లను అచ్చులోకి తెచ్చాడు. నలుగురూ జ్యూస్ మోహించిన వాళ్లే (రోమన్లకు జ్యూసే జూపిటర్, గురు గ్రహానికి ఇంగ్లీషులో ఆ పేరే). ఈ ఊహ ఖగోళవేత్త కెప్లర్‌దని మారియస్ స్వయంగా రాశాడు. ఎవరి ఊహ అయితేనేం, ఆ పేర్లు రెండు శతాబ్దాలకు పైగా మూలన పడి ఉన్నాయి. దూరాన్ని బట్టి వేసిన వరుస అంకెలతోనే పని సాగిపోయింది.

అంకెల పద్ధతి శని దగ్గర చెడింది. 1655లో డచ్ ఖగోళవేత్త హైగెన్స్ టైటన్‌ను కనుక్కున్నప్పుడు అదొక్కటే కనుక చిక్కు లేదు. 1671 నుంచి 1684 వరకు ఖగోళవేత్త కసీని మరో నాలుగింటిని కనుక్కున్నాడు. లోపలి కక్ష్యలో కొత్తది దొరికినప్పుడల్లా బయటివాటి అంకెలు జరగాలి. అలా టైటన్ కొన్నాళ్లు రెండోది, తరువాత నాలుగోది అయింది. 1789లో విలియం హెర్షెల్ ఇంకా లోపల రెండింటిని చూడడంతో టైటన్ అంకె ఆరుకు చేరింది. పాత పరిశీలనల్లో 'శని 4' అని కనిపిస్తే, అది ఏ సంవత్సరం రాతో తెలియకుండా ఏ ఉపగ్రహం గురించో చెప్పలేని పరిస్థితి.

దీనికి విరుగుడు విలియం కొడుకు జాన్ హెర్షెల్ 1847లో చెప్పాడు. దక్షిణాఫ్రికాలోని కేప్ నుంచి చేసిన పరిశీలనలను ప్రచురిస్తూ అప్పటికి తెలిసిన ఏడు ఉపగ్రహాలకు మైమాస్, ఎన్సెలాడస్, టెథిస్, డయోన్, రియా, టైటన్, ఇయాపెటస్ అని పేర్లు పెట్టాడు. అతని తర్కం సరదాగా ఉంటుంది. రోమన్ పురాణాల శని (శాటర్న్) తన పిల్లలను తానే మింగేశాడు, కాబట్టి వాళ్లను చుట్టూ నిలబెట్టలేం, తోబుట్టువులైన టైటన్లను పిలవాలి. బాగానే ఉంది. కానీ అన్నింటికంటే పెద్దదానికి ఒక వ్యక్తి పేరు కాకుండా ఏకంగా జాతి పేరు పెట్టాడు. ఈనాటి శీర్షికల తగవుల్లో పెద్దదానికి ఆ రోజే బీజం పడింది.

ఆ పద్ధతి నిలిచింది. యురేనస్ ఉపగ్రహాలు షేక్‌స్పియర్, ఇంగ్లీషు కవి అలెగ్జాండర్ పోప్ రచనల పాత్రల పేర్లు అందుకున్నాయి. 1877లో అసాఫ్ హాల్ కనుక్కున్న అంగారకుడి ఉపగ్రహాలు ఫోబోస్, డీమోస్ అయ్యాయి. ట్రైటన్ కథ వేరు. 1846లో దొరికినా, 1880లో ఫ్రెంచ్ ఖగోళవేత్త ఫ్లమారియన్ ఆ పేరు సూచించినా, 1949లో రెండో ఉపగ్రహం నెరీడ్ కనబడేదాకా దాన్ని చాలామంది 'నెప్ట్యూన్ ఉపగ్రహం' అనే అన్నారు. ఒక్కటే ఉన్నప్పుడు పేరుతో పనేముంది!

ఈలోగా అవే పేర్లు గ్రహశకలాలకూ వెళ్లిపోయాయి. 1858లో ఒకటి యూరోపా అయింది, 1865లో ఒకటి అయో అయింది. మారియస్ పేర్లు ఇంకా స్థిరపడని కాలమది. అయితే గ్రహశకలాలకు ఒక సౌకర్యం ఉంది. సంఖ్య వాటి పేరులో భాగం. '52 యూరోపా' అంటే ఇంకే వివరణా అక్కర్లేదు. ఉపగ్రహాలకూ రోమన్ అంకెలు ఇప్పటికీ ఉన్నాయి గానీ, 'శని 6' అని వెతికే పాఠకుడు ఎక్కడా ఉండడు.

అంతర్జాతీయ ఖగోళ సంఘం 1975లో గురు గ్రహపు చిన్న ఉపగ్రహాలకు హిమాలియా, ఎలారా, పాసిఫే వంటి అధికారిక పేర్లు ఇచ్చింది. అంతకు ముందు రెండు దశాబ్దాలుగా అనధికారికంగా తిరిగిన పేర్లలో పాన్, అడ్రాస్టియా కూడా ఉన్నాయి. తరువాత అడ్రాస్టియాను గురు గ్రహానికే చెందిన మరో ఉపగ్రహానికి, పాన్‌ను శని ఉపగ్రహానికి ఇచ్చారు. పాత పుస్తకంలోని పాన్, నేటి పాన్ ఒకటి కావు. పురాణ పురుషుడితో తగవు చాలదన్నట్టు తమలో తమకే తగవు!

ప్లూటో దగ్గరకు వచ్చేసరికి సంఘం జాగ్రత్తపడింది. నిక్స్ పేరు అప్పటికే ఒక గ్రహశకలానికి ఉండడంతో 2006లో ఒక అక్షరం మార్చి ఉపగ్రహానికి పెట్టింది. రోమన్ లిపిలో (Nyx, Nix) ఆ తేడా కనిపిస్తుంది. తెలుగులో రెండూ నిక్సే, మనకు బ్రాకెట్ తప్పదు.

అచ్చు పుస్తకాల రోజుల్లో ఇదంతా పెద్ద సమస్య కాదు. ఒకే మాట రెండుసార్లు ఒకదాని కింద ఒకటి వచ్చినా పాఠకుడు మొదటి వాక్యం చూసి తేల్చుకునేవాడు. ఆన్‌లైన్‌లో ప్రతి వ్యాసానికీ వేరే చిరునామా ఉండాలి కనుక ఎవరో ఒకరు పక్కకు జరగాలి, లేదా మెర్క్యురీ విషయంలో చేసినట్టు గ్రహం, లోహం, దేవుడు ముగ్గురినీ బ్రాకెట్లోకి పంపి, ఉత్త పేరును అయోమయ నివృత్తి పేజీకి, అంటే ఒకే పేరున్న వ్యాసాల జాబితాకు, వదిలేయాలి.

అన్ని ఉపగ్రహాలకూ ఒకే తీరున బ్రాకెట్ తగిలించాలనే వాదన వినడానికి ముచ్చటగా ఉంటుంది. నాకది నచ్చదు. ఎక్కువమంది దేన్ని వెతుకుతారో చూసి ఒక్కోదాన్నీ విడిగా తేల్చడమే మేలు, ఫలితం ఎగుడుదిగుడుగా ఉన్నా సరే. ఎన్సెలాడస్‌నే చూడండి. 2005లో కసీని అంతరిక్ష నౌక దాని దక్షిణ ధ్రువం నుంచి నీటి ఆవిరి, మంచు చిమ్ముతున్నట్టు చూపించాక అది సౌర కుటుంబంలోనే ప్రముఖమైపోయింది. అది ఉత్త పేరు అడగడంలో అన్యాయం లేదు.

బ్రాకెట్ తప్పనిసరైన చోట మాత్రం తెలుగులో 'ఉపగ్రహం' అని ఊరుకుంటే సరిపోదు. బ్రిటన్ తొలి కృత్రిమ ఉపగ్రహం ఏరియల్, 1962లో ఎగిరింది. యురేనస్ చుట్టూ తిరిగేదీ ఏరియలే. 'ఏరియల్ (ఉపగ్రహం)' అంటే ఏది? 'ఏరియల్ (యురేనస్ ఉపగ్రహం)' అని గ్రహం పేరు చేర్చాలి. శీర్షిక కాస్త పొడవవుతుంది, అంతే. ఇక యూరోపా కోసం 2024 అక్టోబరులో బయలుదేరిన క్లిప్పర్ అంతరిక్ష నౌక 2030లో గురు గ్రహాన్ని చేరాలి. రాకుమారి బ్రాకెట్లోకి వెళ్లాలా వద్దా అనేది అప్పుడు మళ్లీ చర్చకు వస్తుంది.