మూడు రోజుల గడియారం

ప్రియమైన పిల్లలకు,

సంక్రాంతి సెలవులయ్యాక ఏడో తరగతి చదివే ఒక అబ్బాయి నాకు ఉత్తరం రాశాడు. వాడి మాటల్లోనే చెబుతాను.

"తాతయ్యా, నేను ఆన్‌లైన్‌లో ఒక చెస్ టోర్నమెంట్ ఆడుతున్నాను. ఒక్కో ఎత్తుకి మూడు రోజుల టైం ఇస్తారు. ఒక ఆటలో నాకు ఏనుగు ఎక్కువుంది, గెలిచేదే. పండక్కి అమ్మమ్మ వాళ్ళ ఊరు వెళ్ళి వచ్చేసరికి టైం అయిపోయి ఓడిపోయానని చూపిస్తోంది. మొదటి పది ఎత్తులూ నేను అయిదేసి నిమిషాల్లో వేసేశాను. మరి ఆ మిగిలిన టైం అంతా ఏమైపోయింది? అసలు ఒక్క ఎత్తుకి మూడు రోజులెందుకు? మూడు గంటల్లో పరీక్షే రాసేస్తాం కదా?"

ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. రెండోదే పెద్దది. కానీ మొదటిది తేలితేగానీ అది తేలదు. నీళ్ళతో పోల్చి చెబితే మీకు తేలిగ్గా అర్థమవుతుంది, వినండర్రా.

మా చిన్నప్పుడు తెనాలిలో మా వీధి మొత్తానికీ ఒకటే కుళాయి. తెల్లవారుజామున కాసేపు వచ్చేది. చీకటితోనే బిందెలు వరసగా పెట్టేవాళ్ళు. బిందె ఖాళీ లేనివాళ్ళు ఒక రాయో, చిల్లుపడ్డ డబ్బానో వరసలో పెట్టి పనికి వెళ్ళేవాళ్ళు. ఆ రాయికి మనిషికున్నంత మర్యాద ఉండేది, దాన్ని ఎవరూ పక్కకి జరిపేవాళ్ళు కాదు. కాపలా మాత్రం పిల్లలదే. ఆ కాపలాలోనే అరుగు మీద సుద్దముక్కతో గళ్ళు గీసుకుని మేం చదరంగం నేర్చుకున్నాం. చింతగింజలు బంట్లు, ఖాళీ అగ్గిపెట్టెలు ఏనుగులు. గుర్రాలకి ఏం వాడామో ఇప్పుడు గుర్తులేదు. ఎదురింటి బాబాయి ఒకాయన మాతో కూర్చునేవాడు. మంచి ఆటగాడు. కానీ ఒక ఎత్తు కోసం తల పట్టుకున్నాడంటే బిందె నిండి పొంగిపోతున్నా లేచేవాడు కాదు. "ఉండండ్రా, ఆలోచించనివ్వండి" అనేవాడు. మేం బడికెళ్ళి మధ్యాహ్నం అన్నానికి వచ్చేసరికి ఆ ఎత్తు వేసి ఉండేది.

గడియారం లేని ఆట అలాగే సాగుతుంది. 1851లో లండన్‌లో మొట్టమొదటి అంతర్జాతీయ టోర్నమెంట్ జరిగినప్పుడు కూడా టైం లెక్క లేదు. కొందరు ఒక్కో ఎత్తుకి ఎంతసేపు కూర్చున్నారంటే, ఎదుటివాళ్ళు అలసిపోయామని బాహాటంగా మొత్తుకున్నారు. తర్వాత ఇసుక గడియారాలు పెట్టి చూశారు. 1883లో, అదీ లండన్‌లోనే, రెండు ముఖాల గడియారం వచ్చింది.

మళ్ళీ నీళ్ళ దగ్గరికి వద్దాం. మా వీధిలో ఇళ్ళు రెండు రకాలు. బిందె మాత్రమే ఉన్న ఇళ్ళు, పెరట్లో గోలెం కూడా ఉన్న ఇళ్ళు. బిందె ఇంటివాళ్ళకి ఈరోజు నీళ్ళు ఎన్ని మిగిలినా లాభం లేదు. రేపు కుళాయి దగ్గర బిందె నిండేది అంచు దాకానే. గోలెం ఇంట్లో అలా కాదు. నిన్న మిగిలిన నీళ్ళ మీద ఈరోజు నీళ్ళు పడతాయి.

మన అబ్బాయి ఆడినది బిందె ఆట. చెస్ డాట్ కామ్, లీచెస్ అనే రెండు చెస్ సైట్లలోనూ ఈ నెమ్మది ఆటలకి ఒక్కో ఎత్తుకి ఒక రోజు మొదలుకొని 14 రోజుల దాకా ఎంచుకోవచ్చు. మూడు రోజులు ఎంచుకున్నారనుకోండి, మీ వంతు వచ్చిన ప్రతిసారీ ఎవరో వచ్చి మీ బిందెని అంచు దాకా నింపినట్టు. మీరు అయిదు నిమిషాల్లో ఎత్తు వేస్తే, ఒక్క గ్లాసు వాడుకుని మిగతాది పారబోసినట్టే. మళ్ళీ మీ వంతుకి బిందె నిండుగా వస్తుంది, అంచు దాటి ఒక్క చుక్క కూడా రాదు. మొదటి పది ఎత్తుల దగ్గర నువ్వు మిగిల్చిన రోజులన్నీ అలా పోయాయి నాయనా. పదకొండో ఎత్తుకి కూడా నీ దగ్గరున్నవి మూడు రోజులే. పండగ అయిదు రోజులు.

గోలెం ఆట కూడా ఉంది. ఉత్తరాల మీద చదరంగం ఆడేవాళ్ళకి 1951లో ఏర్పడిన ప్రపంచ సమాఖ్య ఒకటి ఉంది, పొడి అక్షరాల్లో ఐసీసీఎఫ్ అంటారు. పోస్టు రోజుల్లో వాళ్ళ లెక్క పది ఎత్తులకి 30 రోజులు. ఉత్తరం దారిలో ఉన్న రోజులు ఎవరి ఖాతాలోనూ పడవు. ఉత్తరం చేతికందిన రోజు నుంచి జవాబు మీద పోస్టు ముద్ర పడే రోజు దాకానే లెక్క. తర్వాత ఆట ఇంటర్నెట్‌కి మారాక, చాలాకాలం నడిచిన పద్ధతి పది ఎత్తులకి 50 రోజులు. ఇక్కడ మిగిలింది పోదు. మొదటి పది ఎత్తులూ పది రోజుల్లో వేసేస్తే 40 రోజులు గోలెంలోనే ఉంటాయి, వాటి మీద ఇంకో 50 వచ్చి పడతాయి. ఆట నడిమధ్యలో రెండు పక్కలా రాజుల మీద దాడి జరుగుతుంటే, ఒక్క ఎత్తు మీద రెండు వారాలు కూర్చోవచ్చు. అయితే గోలేనికి ఒక బీట కూడా పెట్టారు. ఒకే ఎత్తు మీద 20 రోజులు దాటి కూర్చుంటే, ఆ పైన గడిచే ప్రతి రోజూ రెండు రోజుల కింద లెక్క. నీళ్ళు రెట్టింపు వేగంతో కారిపోతాయి. నిండు గోలెం పక్కన కూర్చుని అవతలివాణ్ణి ఊరికే ఎదురుచూసేలా చేయకూడదని అలా పెట్టారు.

బల్ల మీద ఎదురెదురుగా ఆడే ఆటలకీ ఇదే లెక్క సరిపోతుంది. మన కోనేరు హంపి 2019లో మాస్కోలోనూ, 2024లో న్యూయార్క్‌లోనూ ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్ అయింది. ఆ ఆటలో ఒక్కొక్కరికీ 15 నిమిషాలు, వేసిన ప్రతి ఎత్తుకీ 10 సెకన్లు కలుస్తాయి. అంటే చిన్న చెంబు నిండా నీళ్ళిచ్చి, పైనుంచి చుక్క చుక్క పడేలా ఒక సన్నటి ధార పెట్టారన్నమాట. చెంబు అడుగంటినా ధార ఆగదు. ఆ ధార మీదే బతుకుతూ నిదానంగా ఆడగలగడం ఎంత గొప్ప విద్యో, అలాంటి ఆట ఒకటి చూస్తే మీకే తెలుస్తుంది.

సెలవు సంగతి కూడా చెప్పాలి. కొన్నిచోట్ల ఆటగాడు సెలవు పెట్టుకోవచ్చు. అన్ని రోజులూ గడియారం ఆగిపోతుంది, కుళాయీ బిందే రెండూ కట్టేసి ఊరెళ్ళినట్టు. కొన్నిచోట్ల ఆ వీలు లేదు. ఇంకో ఉపాయం ఉంది. అవతలివాడు ఇలా వేస్తే నేను ఇలా వేస్తాను అని ముందే రాసి ఉంచవచ్చు. పోస్టు కార్డుల రోజుల నుంచీ ఇది ఉంది. అవతలివాడు మీరు అనుకున్నట్టే వేస్తే, మీరు నిద్రలో ఉన్నా మీ ఎత్తు దానంతటదే పడిపోతుంది. టోర్నమెంట్‌లో చేరేముందే ఇవన్నీ చదువుకోవాలి. అమ్మమ్మ ఊళ్ళో సిగ్నల్ ఉంటుందో లేదో వెళ్ళే ముందే తెలుస్తుంది కదా.

ఇక పెద్ద ప్రశ్న. ఒక ఎత్తుకి మూడు రోజులు దేనికి?

ఆలోచించడానికే అని అందరూ అనుకుంటారు. నిజానికి ఆ మూడు రోజుల్లో ఎక్కువ భాగం మన మిగతా బతుక్కి ఇచ్చినది. నీకు బడి ఉంటుంది. నీతో ఆడే అమ్మాయి బ్రెజిల్‌లో ఉండొచ్చు, నీకు పొద్దున్న అయితే ఆమెకి రాత్రి. ఇంకొకాయనకి ఆస్పత్రిలో నైట్ డ్యూటీ. మరొకరింట్లో పెళ్ళి. వీళ్ళంతా ఒకే గంటలో బల్ల ముందు కూర్చోవడం ఎప్పటికీ కుదరదు. మూడు రోజుల గడువుంటే కుదురుతుంది. ఎవరి పనులు వాళ్ళు చేసుకుంటూ, మధ్యలో ఒక పావుగంట చదరంగానికి ఇవ్వగలుగుతారు. నాకు ఈ ఆట మీద ఇంత ప్రేమ అందుకే.

1824లో లండన్ క్లబ్బుకీ ఎడిన్‌బరో క్లబ్బుకీ మధ్య ఉత్తరాల మీద పందెం మొదలైంది. అప్పటికి రైలు బళ్ళు లేవు. గుర్రపు బళ్ళలో వెళ్ళే టపా మీదే ఎత్తులు ప్రయాణం చేశాయి. అయిదు ఆటలు తేలేసరికి 1828 వచ్చింది. గెలిచింది ఎడిన్‌బరో. మీరు రాజు ముందు బంటు రెండు గళ్ళు, గుర్రం, ఆ వెంటనే మంత్రి ముందు బంటు రెండు గళ్ళు తోసి ఆడే 'స్కాచ్ గేమ్' ఉంది చూశారా, ఆ పేరు ఈ పందెం వల్లే వచ్చింది.

తర్వాత 1999లో రష్యా మేటి ఆటగాడు గ్యారీ కాస్పరోవ్ ఒక పక్క, ఇంటర్నెట్‌లో ప్రపంచమంతా ఒక పక్క కూర్చుని ఆడారు. ఎత్తుకి 24 గంటలు. ప్రపంచం తరఫున ఏ ఎత్తు వేయాలో ఓట్లు వేసి తేల్చేవాళ్ళు. 62 ఎత్తుల తర్వాత కాస్పరోవ్ గెలిచాడు. పలక తీసుకుని గుణించండి. ఒక్కో జత ఎత్తులకి రెండు రోజులు, 62 జతలకి 124 రోజులు. ఆట జూన్ 21న మొదలై అక్టోబర్ 22న ముగిసింది. మీ లెక్క ఎంత దగ్గరగా వచ్చిందో చూసుకోండి.

ఇప్పుడు అదే లెక్క మీ టోర్నమెంట్‌కి వేయండి. ఎత్తుకి మూడు రోజులు, ఒక్కొక్కరికీ 40 ఎత్తులు. ఇద్దరూ ప్రతిసారీ చివరి గంట దాకా ఆగితే 240 రోజులు. అంటే ఎనిమిది నెలలు, ఒక్క రౌండుకి! టోర్నమెంట్‌లో ఆటగాళ్ళని గుంపులుగా విడగొడతారు. ఒక గుంపులో అందరి ఆటలూ ముగిసి, అన్ని గుంపులూ తేలితేనే తర్వాతి రౌండు మొదలయ్యేది. ఒక్కడు తాత్సారం చేస్తే, తన ఆటలన్నీ ఎప్పుడో ముగించుకున్నవాళ్ళు వారాల తరబడి ఊరికే కూర్చోవాలి. కుళాయి దగ్గర మీ వెనక బిందెలు పట్టుకుని నిలబడ్డవాళ్ళు వాళ్ళే. మా అమ్మ నాకు నేర్పింది ఒకటే. నీ బిందె నిండగానే పక్కకి తప్పుకో, మాటలు ఆ తర్వాత చెప్పుకో అనేది. ఓడిపోయే ఆటలో, అవతలివాడు మరిచిపోతాడేమోనని ప్రతి ఎత్తుకీ మూడు రోజులూ లాగేవాళ్ళున్నారు. మీరు మాత్రం అలా చేయకండి. రెండు ఏనుగులు తక్కువై, దారి లేదని తెలిసినప్పుడు 'బాగా ఆడావు' అని రాసి ఆట వదిలేయండి. అది పెద్దమనిషి తరహా.

ఇంకో చిక్కు ఉంది, పిల్లలు ఎక్కువగా పడేది ఇందులోనే. గుంపులో అయిదుగురు ఉంటే నీకు నలుగురు ప్రత్యర్థులు. ఒక్కొక్కరితో తెల్లవి ఒకటి, నల్లవి ఒకటి చొప్పున ఆడితే ఎనిమిది ఆటలు, అన్నీ ఒకేసారి. ఒక టోర్నమెంట్ బాగుంది కదా అని ఇంకో రెండింట్లో చేరితే 24. ఉత్సాహంలో చేరడం తేలికే. రెండో వారానికి 24 బిందెలకీ ఒకేసారి నీళ్ళు పట్టాల్సి వస్తుంది, పైగా రేపు సైన్సు పరీక్ష. టెన్షన్‌లో ఏ ఆటలో ఏం అనుకున్నామో మరిచిపోయి, గబగబా మంత్రిని ఇచ్చేస్తాం. లేదా గడువు దాటిపోతుంది. టైం అయిపోయి ఓడిన ఆటలు నూటికి ఇన్ని మించినవాళ్ళని చేర్చుకోమని కొన్ని టోర్నమెంట్లలో షరతు కూడా ఉంటుంది. కాబట్టి మొదట ఒక్క టోర్నమెంట్ చాలు. ఏ ఆటలో ఏం చేయదలచుకున్నారో ఒక నోటు పుస్తకంలో రెండు ముక్కలు రాసి పెట్టుకోండి. ఇలాంటి నెమ్మది ఆటల్లో ఆరంభపు ఎత్తుల పుస్తకాలు చూసుకోవచ్చు, ఆ రెండు సైట్లలోనూ దానికి అనుమతి ఉంది. కంప్యూటర్‌ని మాత్రం అడగకూడదు.

ఆలోచన గురించి ఒక్క మాట చెప్పాలి. రాత్రి పడుకునేముందు ఒక పొజిషన్ అరగంట చూసినా ఏమీ తోచదు. తెల్లారి పళ్ళు తోముకుంటూ ఉంటే, గుర్రం ఎక్కడికి వెళ్ళాలో దానంతటదే కనబడుతుంది. నిద్రలో ఎవరు ఆలోచించారు? ఎవరు ఆ గుర్రాన్ని కదిపి చూశారు? అదెలా జరుగుతుందో వివరించడం నాకు రాదు. ఇన్నేళ్ళు ఆడినా నాకది ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంది.

మీరే చూడండి. ఇంట్లో చెస్ బోర్డు ఉంటే అన్నయ్యతోనో, అమ్మతోనో ఒక ఆట మొదలుపెట్టండి. మనిషికి రోజుకి ఒక్కటే ఎత్తు. బోర్డు ఎవరూ కదపని చోట, బీరువా పైన పెట్టుకోండి. ఎత్తు అనుకున్నాక వెంటనే వేయకుండా కాగితం మీద రాసి మడిచి పెట్టి నిద్రపోండి. పొద్దున్నే లేచి, కాగితం విప్పకుండా బోర్డు దగ్గరికి వెళ్ళి మళ్ళీ కొత్తగా చూడండి. రాత్రి ఎత్తూ, పొద్దుటి ఎత్తూ ఒకటే అవుతున్నాయో లేదో ఒక నెల రాసి పెట్టి, ఆ కాగితాలు నాకు పంపండి.

మీ
తాతయ్య