భూమిని అందరికంటే ఎక్కువగా మార్చిన జీవి ఏది? అపోహలు - వాస్తవాలు

డిగ్రీ పిల్లలకు మైక్రోబయాలజీ చెబుతాను. ఏటా మొదటి క్లాసులో ఈ ప్రశ్న అడుగుతాను. మనిషి అంటారు, డైనోసార్లు అంటారు, తేనెటీగ అనేవాళ్లూ ఉంటారు. వరిమడిలో తేలే నాచు పేరు మాత్రం ఇంతవరకు ఎవరి నోటా రాలేదు.

అపోహ: గాలి మొదటి నుంచీ ఇలాగే ఉంది.

వాస్తవం: భూమి వయసు సుమారు 454 కోట్ల ఏళ్లు. అందులో దాదాపు సగం కాలం గాలిలో ఆక్సిజన్ లేదనే చెప్పాలి. ఎండ సాయంతో నీటిని విడగొట్టి ఆక్సిజన్ వదలడం నేర్చింది సైనోబాక్టీరియా, అంటే నీలి ఆకుపచ్చ నాచు. 240 కోట్ల ఏళ్ల క్రితం నుంచి ఆ ఆక్సిజన్ గాలిలో నిలవడం మొదలైంది. అప్పటి జీవుల్లో చాలావాటికి అది విషం. ఇప్పుడు గాలిలో 21 శాతం అదే.

దీని ఆనవాళ్లు మన దగ్గరే ఉన్నాయి. కడప జిల్లా వేంపల్లె రాళ్లలో కోసిన ఉల్లిపాయలా పొరల మీద పొరలు కనిపిస్తాయి. సుమారు 190 కోట్ల ఏళ్ల క్రితం లోతు లేని సముద్రంలో నాచు పొరలు పేరుకుని రాయిగా మారిన స్ట్రొమటోలైట్లు అవి. ఆ గీతల మీద వేలు పెట్టినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

అపోహ: మన ఆక్సిజన్‌లో 20 శాతం అమెజాన్ అడవి ఇస్తోంది.

వాస్తవం: ఆ అడవి తయారుచేసే ఆక్సిజన్‌ను అక్కడి చెట్లు, రాలిన ఆకులను కుళ్లబెట్టే సూక్ష్మజీవులే ఇంచుమించు అంతా వాడేస్తాయి. మనం పీల్చేది కోట్ల ఏళ్లుగా పోగైన నిల్వ. వానల కోసం, కార్బన్‌ను పట్టి ఉంచడం కోసం ఆ అడవి కావాల్సిందే. ఇక ఏటా కొత్తగా తయారయ్యే ఆక్సిజన్‌లో సుమారు సగం సముద్రానిది. అక్కడ కిరణజన్య సంయోగక్రియ జరిపే జీవుల్లో సంఖ్యలో మొదటిది ప్రోక్లోరోకాకస్ అనే సైనోబాక్టీరియా. మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. 1980ల దాకా అది ఉందనే ఎవరికీ తెలియదు.

అపోహ: చెట్టు వేరు, బ్యాక్టీరియా వేరు.

వాస్తవం: ఆకులోని హరితరేణువు ఒకప్పుడు వేరే కణంలో చేరి అక్కడే స్థిరపడిపోయిన సైనోబాక్టీరియా సంతతే. మీ వాకిట్లో వేపచెట్టు నీడ కూడా దాని చలవే.

అపోహ: మడిలో నాచు కనిపిస్తే వెంటనే మందు కొట్టాలి.

వాస్తవం: అన్ని నాచులూ ఒకటి కాదు. దట్టంగా అల్లుకునే పచ్చనాచు లేత నారును ఇబ్బంది పెడుతుంది, నిజమే. నీలి ఆకుపచ్చ నాచులో చాలా రకాలు గాలిలోని నత్రజనిని పట్టి పైరుకు అందిస్తాయి. నీటి మీద తేలే చిన్న ఫెర్న్ మొక్క అజొల్లా ఆకుల్లో కాపురం ఉండేదీ ఈ జాతే. ఈ నాచు ఉన్న నీటి చుక్కను మైక్రోస్కోపు కింద పెడితే పూసల దండలా కనిపిస్తుంది. మధ్యమధ్య ఒక పూస కాస్త పెద్దగా, లేత రంగులో, మందపాటి గోడతో ఉంటుంది. నత్రజని పట్టే పని దానిదే. ఆ పని చేసే ఎంజైము ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది. అందుకే ఆ కణం ఆక్సిజన్ తయారీ మానేసి, బయటిది లోపలికి రాకుండా గోడ కట్టుకుంటుంది.

వేరుశనగ మొక్కను పీకి వేరు మీది బుడిపెను గోటితో చిదిమి చూడండి. లోపల గులాబీ రంగు ఉంటే రైజోబియం బ్యాక్టీరియా నత్రజని పట్టే పనిలో ఉన్నట్టే. అక్కడ ఆక్సిజన్‌ను అదుపులో ఉంచేది ఆ రంగు పదార్థమే. తెల్లగా ఉంటే ఆ బుడిపె ఇంకా పని మొదలుపెట్టలేదు, లేదా అసలు పని చేయడం లేదు.