ఆ ఒక్క లైను తీసేయండి

ప్రియమైన పిల్లలకు,

మీరు పంపిన కోడు మొత్తం చదివాను. సంపులో నీటిమట్టం కొలిచే పెట్టె, వాచ్‌మన్ గదిలో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు, మోటారు స్టార్టరు కోసం పెట్టిన రిలే (కరెంటు స్విచ్చి), మూడూ ఎంక్యూటీటీ అనే మెసేజీల పద్ధతిలో చక్కగా మాట్లాడుకుంటున్నాయి. ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ అంగళ్లలో కొన్న చిన్న బోర్డులతో ఇంత పని చేయించారంటే నాకు చెప్పలేనంత సంతోషంగా ఉంది. వేసవి వస్తే మన వర్తూరు వైపు బోర్లు అడుగంటి, అపార్టుమెంటంతా ట్యాంకరు కోసం ఎదురుచూడటం మీరు చూస్తూనే ఉన్నారు. సంపులో ఎంత నీరుందో ముందే తెలియడం చిన్న విషయం కాదు.

అయితే మీ కోడులో ఒక లైను దగ్గర ఆగిపోయాను. 'సెట్‌ఇన్‌సెక్యూర్' అని రాసి, పక్కనే "ఇది తీసేస్తే కనెక్ట్ కావట్లేదు" అని కామెంటు పెట్టారు. ఈ ఉత్తరం ఆ లైను కోసమే రాస్తున్నాను. దాన్ని ఎందుకు తీసేయాలి, తీసేస్తే మీ పెట్టె ఎందుకు మొరాయిస్తోంది అన్నది మీకు పూర్తిగా అర్థం కావాలని నా కోరిక.

ఎంక్యూటీటీ 1999లో పుట్టింది. చమురు పైపులైన్ల మీది పరికరాల కబురు శాటిలైట్ లింకు మీదుగా తెప్పించుకోవడానికి ఆండీ స్టాన్‌ఫర్డ్‌-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ అనే ఇద్దరు ఇంజనీర్లు దాన్ని తయారుచేశారు. శాటిలైట్ లింకు ఖరీదైనది కాబట్టి మెసేజీ వీలైనంత చిన్నదిగా ఉండేలా చూశారు. రహస్యం కాపాడే పని దానిలో లేదు, అది కింది పొరకే వదిలేశారు. కింద ఉన్నది టీసీపీ. పంపిన బైట్లు పోకుండా, వరస తప్పకుండా అవతలికి చేర్చడం దాని పని. వాటిని మధ్యలో ఎవరు చదువుతున్నారో, అవతల ఉన్నది నిజంగా మీరనుకున్న యంత్రమేనా కాదా అన్నది దానికి పట్టదు.

ఇది నా మాట మీద నమ్మొద్దు, కళ్లతో చూడండి. పోయిన నెల వరకు మీరు వాడిన 1883 పోర్టు (ఎంక్యూటీటీ మెసేజీలు గుప్తం కాకుండా వచ్చే తలుపు) మీదుగానే ఒకసారి కనెక్ట్ అయి, రాస్ప్‌బెర్రీ పై మీద వచ్చే పోయే ప్యాకెట్లను ఫైలులోకి పట్టే టీసీపీడంప్ నడిపి, ఆ ఫైలును ప్యాకెట్లు విప్పి చూపే వైర్‌షార్క్‌లో తెరవండి. టీసీపీ పలకరింపులు మూడు ప్యాకెట్లు పోతాయి. నాలుగోదో ఐదోదో కనెక్ట్ ప్యాకెట్. దాని మీద నొక్కితే మీ యూజర్ పేరు, దాని కిందే పాస్‌వర్డు, అక్షరం అక్షరం కనిపిస్తాయి. ఇంకాస్త కిందికి వెళితే మోటారు టాపిక్ (మెసేజీ ఎవరికో చెప్పే పేరు), దాని పక్కన 'ఆన్'. అసోసియేషన్ వైఫై పాస్‌వర్డు తెలియని ఇల్లు మన దగ్గర లేదు. సంపు ఖాళీగా ఉన్నప్పుడు ఎవరైనా ఆ 'ఆన్' పంపితే మోటారు నీళ్లు లేకుండా తిరిగి కాలిపోతుంది. ఎవరో కావాలని చేయనక్కర్లేదు, నేర్చుకునే ఉత్సాహంలో ఇంకో పిల్లాడు చేసినా చాలు.

అందుకే మీరు 8883 పోర్టుకు మారారు, మంచి పని. ఇప్పుడు టీసీపీకీ ఎంక్యూటీటీకీ మధ్య, మెసేజీలను గుప్తం చేసే టీఎల్ఎస్ అనే పొర వచ్చి కూర్చుంది. ముందు టీసీపీ కనెక్షన్, ఆ తర్వాత టీఎల్ఎస్ హ్యాండ్‌షేక్, అది ముగిశాకే మీ కనెక్ట్ ప్యాకెట్. హ్యాండ్‌షేక్‌లో రెండు పనులు జరుగుతాయి. ఒకటి, బోర్డూ పై ఇద్దరూ కలిసి ఇంకెవరికీ తెలియని తాళంచెవి ఒకటి తయారుచేసుకోవడం. రెండోది, పై తన సర్టిఫికెట్ చూపించి తానెవరో నిరూపించుకోవడం. సర్టిఫికెట్‌లో దాని పేరు, పబ్లిక్ కీ, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు చెల్లుతుందో, దాని మీద సంతకం చేసింది ఎవరో ఉంటాయి.

సెట్‌ఇన్‌సెక్యూర్ ఈ రెండో పనిని రద్దు చేస్తుంది. మెసేజీలు గుప్తంగానే పోతాయి, వైర్‌షార్క్‌లో చూస్తే ఏమీ అర్థం కాదు, దాంతో అంతా భద్రంగా ఉందనిపిస్తుంది. కానీ అదే వైఫైలో ఉన్న ఇంకో ల్యాప్‌టాప్ "నేనే పైని" అని బదులిచ్చి ఏదో ఒక సర్టిఫికెట్ చూపిస్తే, మీ బోర్డు మారు మాట్లాడకుండా ఒప్పుకుని పాస్‌వర్డు ఇచ్చేస్తుంది. ఇంటికి తాళం వేసి చెవి దొంగ చేతికి ఇచ్చినట్టే. సాదా 1883 కంటే ఇది నాకు ఎక్కువ భయం కలిగిస్తుంది, ఎందుకంటే అక్కడైనా మనకు జాగ్రత్త ఉంటుంది.

మరి ఆ లైను తీసేస్తే ఎందుకు కనెక్ట్ కావట్లేదు? సీఏ సర్టిఫికెట్ (పై సర్టిఫికెట్ మీద సంతకం చేసినవారిది, దానితోనే బోర్డు ఆ సంతకాన్ని సరిచూస్తుంది) బోర్డులో సరిగ్గానే పెట్టారు, చూశాను. తప్పు గడియారంలో ఉంది. మీ బోర్డులోని ఈఎస్‌పీ8266 చిప్‌లో బ్యాటరీ గడియారం లేదు. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ అది 1970 జనవరి 1న నిద్రలేస్తుంది. 1970లో ఉన్న బోర్డుకు మీరు ఈ ఏడాది చేసిన సర్టిఫికెట్ చూపిస్తే "ఇది ఇంకా చెల్లుబాటులోకి రాలేదు" అని తిప్పికొడుతుంది. దాని లెక్క ప్రకారం అదే న్యాయం. కాబట్టి వైఫై కలిశాక ముందు ఎన్‌టీపీతో, అంటే నెట్‌వర్కు మీదుగా గడియారం సరిచేసుకునే పద్ధతితో, సమయం తెచ్చుకోండి, సంవత్సరం సరైనదని చూసుకున్నాకే 8883కి వెళ్లండి. కరెంటు వచ్చాక బోర్డు కంటే రౌటరు ఆలస్యంగా లేస్తుంది, కనుక ఒకసారి అడిగి ఊరుకోకుండా దొరికేదాకా అడుగుతూ ఉండాలి. అప్పటిదాకా రిలే ఆఫ్‌లోనే ఉండాలి. ఈ చివరి మాట మాత్రం దయచేసి మరిచిపోకండి.

ఇక రాస్ప్‌బెర్రీ పై సంగతి. అక్కడ మెసేజీలు అందుకుని పంచే మస్కీటో ప్రోగ్రాము కాన్ఫిగ్ ఫైలులో లిజనర్ (ఏ పోర్టులో వినాలో చెప్పే లైను) 8883, దాని కింద సర్ట్‌ఫైల్, కీఫైల్, పాస్‌వర్డ్ ఫైల్ ఉండాలి, పేరు చెప్పకుండా రానిచ్చే అనానిమస్ వద్దు. మీ ఫైలులో పాత లిజనర్ 1883 ఇంకా అలాగే ఉంది. ఇందాక చెప్పిన పరీక్ష అయ్యాక దాన్ని తీసేయండి, లేదా 127.0.0.1కి, అంటే పై తనతో తానే మాట్లాడుకునే చిరునామాకి, మాత్రమే కట్టేయండి. టీఎల్ఎస్ వెర్షన్ కనీసం 1.2 అని పెట్టండి. 1.0, 1.1 లను 2021లోనే అధికారికంగా పక్కన పెట్టేశారు. 2018లో వచ్చిన 1.3 ఇంకా మంచిదే, కానీ మీ బోర్డులో టీఎల్ఎస్ పని చేసే బేర్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీకి అది రాదు, 1.3 మాత్రమే కావాలని పట్టుబడితే మీ పెట్టె బయటే ఉండిపోతుంది.

బోర్డు కోడులో ఐపీ నంబరు బదులు పేరు రాయండి. సర్టిఫికెట్‌లో ఉన్న పేరూ, మీరు కనెక్ట్ చేసే పేరూ ఒకటే కావాలి. రౌటరులో రాస్ప్‌బెర్రీ పైకి ఎప్పుడూ ఒకే ఐపీ వచ్చేలా పెట్టి, ఆ పేరును దానికి ముడిపెట్టండి. సీఏ సంతకం చేసే రహస్య తాళంచెవిని, అంటే ప్రైవేట్ కీని, రాస్ప్‌బెర్రీ పై మీద ఉంచారు, అది అక్కడ ఉండకూడదు. పెన్‌డ్రైవ్‌లోకి మార్చి ఇంట్లో బీరువాలో పెట్టండి, సర్టిఫికెట్ మళ్లీ చేసేటప్పుడు తప్ప దానితో పని లేదు.

ఇంకొకటి. ప్రతి నిమిషం కొత్తగా కనెక్ట్ అయి, ఒక రీడింగు పంపి, తెంపేస్తున్నారు. అంత చిన్న ప్రాసెసరుకు హ్యాండ్‌షేక్ బరువైన పని. ఒకసారి కలిశాక కీప్‌ఎలైవ్‌తో, అంటే అప్పుడప్పుడు చిన్న పలకరింపుతో, ఆ కనెక్షన్‌నే నిలబెట్టుకోండి. ఎంక్యూటీటీని తయారుచేసిందే అలా వాడటానికి.

అంతా అయ్యాక ల్యాప్‌టాప్ నుంచి టీఎల్ఎస్ కనెక్షన్‌ను పరీక్షించే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఎస్‌క్లయింట్‌ కమాండుతో, మీ సీఏ ఫైలు ఇచ్చి, 8883ని పలకరించండి. చివర్లో వెరిఫై రిటర్న్ కోడ్ 0 అని వస్తే సరి, 10 వస్తే గడువు తీరిందని అర్థం. అక్కడితో ఆగొద్దు. ఇంకో సీఏ చేసి, దానితో సంతకం చేసిన దొంగ సర్టిఫికెట్‌ను పై మీద కాసేపు పెట్టండి. మీ బోర్డు కనెక్ట్ కాకుండా మొండికేయాలి. అలా మొండికేసిన లాగ్ నాకు పంపండి, ఆ తర్వాత రిలేకు మోటారు వైరు కలుపుదాం.

ఆశీస్సులతో,
మీ తాతయ్య
బెంగళూరు